జీతం బాకీ అడిగితే విశ్వాసం లేనట్టా?

పోయిన నెల మా వారి తరఫు బంధువుల ఇంట్లో గృహప్రవేశం. పంక్తిలో కూర్చున్నాం. పప్పు వడ్డించేలోపే మాట మొదలైంది. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రోజులొచ్చాయి" అంది మా తోడికోడలు వరసయ్యే అక్కయ్య, ఎవరివైపూ చూడకుండా. తర్వాత నావైపు తిరిగి, "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుందిటగా!" అంది నవ్వుతూ. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా వారు విస్తట్లోకి చూస్తూ ఉండిపోయారు.

సంగతేమిటంటే వాళ్ళది చీరల కొట్టు. అందులో మూడేళ్ళు పనిచేసిన ఒక అమ్మాయి, తనకి కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చారనీ ఆ తేడా ఇప్పించమనీ 2024 మొదట్లో లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ రాసిపెట్టింది నేను. ఆ అమ్మాయి మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. శుభకార్యం కదా, నలుగురిలో ఎందుకులే అనుకున్నాను. కానీ ఇంటికొచ్చి పట్టుచీర మడత పెడుతుంటే ఆ నవ్వే గుర్తొచ్చింది. ఆ చీర కూడా వాళ్ళ కొట్లో కొన్నదే. దాన్ని బహుశా ఆ అమ్మాయే రాక్ మీంచి దింపి, విప్పి, మళ్ళీ మడత పెట్టి ఉంటుంది. పంక్తిలో చెప్పని జవాబు ఇక్కడ చెబుతున్నాను. వాళ్ళు చదివినా నాకు ఇబ్బంది లేదు.

ముందు లెక్క చెప్తాను. ఆ అమ్మాయికి నెలకు ఇచ్చింది 8,000 రూపాయలు. పొద్దున్న పదింటికి వెళ్తే రాత్రి పదింటికి షట్టర్ దించేదాకా పని. శ్రావణమాసంలోనూ పెళ్ళిళ్ళ సీజన్లోనూ సెలవే లేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ఎంతో లేబర్ ఆఫీసులో అడిగితే కాయితం చూపించారు. దానికీ ఆమె చేతికొచ్చినదానికీ తేడా నెలకు సుమారు 4,000. ధరలు పెరిగేకొద్దీ ఆ వేతనంలో కరువు భత్యం కూడా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుందని అప్పుడే తెలిసింది. మూడేళ్ళూ మారుతూనే ఉంది. కొట్లో మాత్రం మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. మూడేళ్ళంటే 36 నెలలు. నెలకు 4,000 చొప్పున వేసుకుంటే 1,44,000 రూపాయలు. ఎనిమిది గంటలు దాటి చేసిన పని ఇందులో కలపనే లేదు.

ఇది ఆ అమ్మాయి అడిగిన సాయం కాదు. ఆమె డబ్బు వాళ్ళ దగ్గర ఉండిపోయింది, అంతే. ఇక్కడ ఒప్పుకుంటే మిగతాదంతా ఒప్పుకున్నట్టే. అందుకే మా వాళ్ళు ఈ ఒక్కచోటే ఒప్పుకోరు. చెప్పే మాటలు మాత్రం చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

"ఒప్పుకునే చేరింది కదా" అన్నది మొదటి మాట. అవును, ఒప్పుకుంది. తండ్రి లేడు, తమ్ముడికి ఫీజు కట్టాలి, ఊళ్ళో ఇంకో పని లేదు. ఆరు వేలన్నా ఒప్పుకునేది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పుట్టిందే ఇలాంటి ఒప్పుకోళ్ళు చెల్లవని చెప్పడానికి. తక్కువకి చేస్తానని సంతకం పెట్టినా ఆ కాయితం చెల్లదని ఆ చట్టంలోనే ఉంది. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకునే పని, రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించిన బలవంతపు చాకిరీయేనంది. మెడ మీద కత్తి పెట్టక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమే అని ఆ తీర్పు సారాంశం. కాబట్టి "ఒప్పుకుంది" అనే మాట మనల్ని కాపాడదు. ఎందుకు ఒప్పుకుందో మనకి తెలుసు. తెలిసే అంత చెప్పాం.

"మాకు గిట్టుబాటు కావాలి కదా" అన్నది రెండోది. వ్యాపారం కష్టంగా ఉన్నమాట నిజమే. జనం ఫోన్లో చీరలు కొంటున్నారు, పక్క వీధిలోనే పెద్ద షోరూములు వచ్చాయి. నేను కాదనను. కానీ సూరత్ నుంచి సరుకు పంపిన వ్యాపారికి "ఈ నెల గిట్టలేదు, మూడింట రెండు వంతులే పంపిస్తాను" అని బావగారు ఎప్పుడైనా అన్నారా? అంటే ఆయన మళ్ళీ సరుకు పంపుతాడా? కొట్టు అద్దె తగ్గించి కట్టారా? కరెంటు బిల్లు సగం కడితే ఊరుకుంటారా? అందరికీ పూర్తిగా కట్టి, ఆలస్యమైతే వడ్డీతో కట్టి, చివరికి మిగలకపోతే ఆ మిగలనిదంతా ఒక్క ఇరవై రెండేళ్ళ పిల్ల జీతంలోంచి సర్దుకోవడాన్ని గిట్టుబాటు అనరు. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకి నడిచే హక్కే లేదని సుప్రీంకోర్టు 1950ల్లోనే అంది. మాట కటువుగా ఉంటుంది, నిజమే. మరి ఆ పిల్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది కూడా అంత కటువైన ప్రశ్నే.

మూడోది అక్కయ్య మాట. "వాళ్ళమ్మకి ఆపరేషనైతే అయిదు వేలు ఇచ్చాం, పండక్కి చీర పెట్టాం, మధ్యాహ్నం మజ్జిగన్నం మా ఇంటి నుంచే." ఇచ్చారు, నేనెరుగుదును. అక్కయ్య చెయ్యి చిన్నది కాదు. కానీ నెలకు నాలుగు వేలు ఆపుకుని, ఏడాదికోసారి అయిదు వేలు ఇస్తే అది ఎవరి డబ్బు? ఆ పిల్ల డబ్బే ఆ పిల్లకి కొంచెం తిరిగొచ్చింది. దానికి ఆమె దండం కూడా పెట్టింది. సాయం పేరుతో వేతనం తగ్గించకూడదని కోర్టులు ప్రభుత్వాలకే చెప్పాయి. రాజస్థాన్‌లో కరువు పనులకి వచ్చిన కూలీలకి కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి, ఇది కరువులో చేస్తున్న సాయం అని ప్రభుత్వం వాదిస్తే, 1983లో సుప్రీంకోర్టు కుదరదంది. పని చేయించుకున్నాక అది సాయం కాదు, మనిషి కష్టంలో ఉన్నాడని కూలి తగ్గించకూడదు అంది. కరువులో ఉన్న ప్రభుత్వానికి లేని వెసులుబాటు చీరల కొట్టుకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాలుగోది, "మూడేళ్ళు నోరు మెదపకుండా ఉండి ఇప్పుడెందుకు?" అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. కానీ అడిగితే తీసేసే చోట ఎవరడుగుతారు? ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. "రేపట్నించి రానక్కర్లేదు" అన్నారు. అందుకే అర్జీ దాకా వచ్చింది. తర్వాత ఊళ్ళో మూడు కొట్లకి వెళ్తే మూడింట్లోనూ, "నువ్వు ఫలానావాళ్ళ మీద కేసు పెట్టిన పిల్లవి కదా" అన్నారు. ఇప్పుడు పక్క ఊళ్ళో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చేస్తోంది. రానూపోనూ రెండు బస్సులు. ఎందుకింతకాలం మాట్లాడలేదని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

ఇక అన్నిటికన్నా నన్ను మండించిన మాట అయిదోది. "ఇంట్లో మనిషిలా చూసుకున్నాం."

ఈ మాట గురించి నాకు తెలిసినంత ఆ కొట్టు యజమానికి తెలియదు. పాతికేళ్ళుగా నేను ఇంటి మనిషిని. ఇంటి మనిషికి జీతం ఉండదు, సెలవు ఉండదు, లెక్క అడిగితే మర్యాద ఉండదు. ఆ సంగతి ఇంకో రోజు రాస్తాను. కానీ ఇంటి మనిషికి కనీసం ఇంట్లో వాటా ఉంటుంది. ఆ కొట్టు అమ్మితే బావగారి పిల్లలకి భాగం వస్తుంది. ఆ అమ్మాయికి వస్తుందా? లాభం వచ్చిన ఏడు పంచి ఇచ్చారా? ఇంటి మనిషైతే వాటా ఉండాలి, పనిమనిషైతే జీతం ఉండాలి. రెండూ ఇవ్వకుండా పని చేయించుకోవడానికి మనం పెట్టుకున్న ముద్దుపేరే "ఇంటి మనిషి". ఆ మాటకొస్తే మన ఇళ్ళల్లో సొంత ఆడపిల్లకే ఉమ్మడి ఆస్తిలో సమానంగా వాటా రావడానికి ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అప్పుడు వాటా అడిగిన ఆడపిల్లల్ని కూడా "పుట్టింటి మీద కోర్టుకెక్కింది" అనే అన్నారు. హక్కు అడిగినవాళ్ళని విశ్వాసం లేనివాళ్ళనడం మనకి కొత్త కాదు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అనే సామెత ఆతిథ్యం ఇచ్చిన ఇంటికి కీడు తలపెట్టేవాడి గురించి. ఉచితంగా తిన్నవాడి గురించి. రోజుకి పన్నెండు గంటలు నిలబడి పనిచేసినవాళ్ళు ఉచితంగా ఏం తిన్నారు? బి.ఏ.లో తెలుగు చదువుకున్నాను కాబట్టి ఒక్క మాట చెప్పనివ్వండి. చిన్నప్పుడు మనమంతా ప్రకృతి-వికృతులు బట్టీ పట్టాం. జీవితము ప్రకృతి, జీతము వికృతి. బతుకుకీ జీతానికీ మాట ఒకటే. సగం జీతం ఎగ్గొడితే ఏది ఎగ్గొట్టినట్టో ఆ మాటే చెబుతోంది.

అర్జీ పెట్టాక ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరింట్లోనో ఒకరికి పనికొస్తుంది.

ఆ అమ్మాయి దగ్గర అపాయింట్‌మెంట్ కాయితం లేదు, జీతం చీటీ లేదు. ఉన్నదల్లా ఫోన్. చాలా నెలలు జీతం ఫోన్‌పేలో పడింది. నెల నెలా 8,000 వచ్చినట్టు అందులో తేదీలతో సహా ఉంది. సెలవు పెట్టిన రోజులు తల్లి కాలెండర్ మీద చుట్టిపెట్టింది. అవే మా సాక్ష్యాలు. వకీలు అక్కర్లేకపోయింది. ఏ కొట్టు, ఎప్పటినుంచి, ఏం పని, ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాలి, తేడా ఎంత అని తెలుగులో రాశాం.

వారం తిరక్కుండా బావగారి తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. చేతిలో 15,000 రూపాయలు, ఒక స్టాంపు కాయితం. "నాకు రావలసినదంతా అందింది, ఇకమీదట ఏమీ అడగను" అని దాని మీద టైపు చేసి ఉంది. ఆ తల్లి డబ్బు చూసి తీసేసుకుందామంది. తప్పు పట్టలేను, ఆ నెల అద్దె కట్టలేదు. నేనే ఆగమన్నాను. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాయితం చట్టం ముందు చెల్లదు సరే, కానీ చదువురాని చోట ఆ సంతకమే చాలామందిని ఇంటికి పంపించేస్తుంది.

అసలు దెబ్బ ఆఫీసులో తగిలింది. పాత చట్టం ప్రకారం ఆరు నెలల్లోపు అడగాలి. అంతకన్నా వెనక్కి వెళ్ళాలంటే ఆలస్యానికి తగిన కారణం చూపాలి, అధికారి ఒప్పుకోవాలి. మా కారణం ఆయనకి ఆనలేదు. 1,44,000 బాకీలో లెక్కకి వచ్చింది ఆరు నెలలు, అంటే 24,000. మిగతా 1,20,000 గడువు దాటి చచ్చిపోయాయి. బ్యాంకు అప్పుకి గడువు దాటితే వడ్డీ పెరుగుతుంది. పేదవాడి జీతానికి గడువు దాటితే అసలే పోతుంది. పైగా ఆ చట్టంలో తక్కువ జీతం ఇచ్చినందుకు జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయల లోపు. జైలు మాట రాసి ఉన్నా, మా ఊళ్ళో ఎవరైనా వెళ్ళగా నేను వినలేదు. 500 అంటే బావగారి కొట్లో రెండు జాకెట్టు ముక్కలు.

పధ్నాలుగు నెలలు తిరిగాక తేడా 24,000, పరిహారం మరో 24,000 ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. తేడాకి పదింతల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. వేసింది ఒక వంతు. అయినా బావగారు కట్టారు. ఆ డబ్బుకే మా రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మూడేళ్ళపాటు ఆమెవి లక్షకు పైగా వాళ్ళ దగ్గర ఉంటే ఎవరికీ అన్యాయం అనిపించలేదు. 48,000 వెనక్కి ఇవ్వాల్సి వచ్చేసరికి అన్యాయం అనిపించింది.

2025 నవంబరు 21 నుంచి కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో నాకు నచ్చనివి ఉన్నాయి, కానీ ఈ విషయంలో మాత్రం మేలే. అడగడానికి గడువు మూడేళ్ళు. పరిహారం పదింతల దాకా అలాగే ఉంది. అర్జీ పనిచేసినవాళ్ళే పెట్టుకోవచ్చు, యూనియన్ పెట్టొచ్చు, పదిమంది కలిసి ఒకే అర్జీ ఇవ్వొచ్చు. పూర్తిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదే. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అధికారికి చెప్పింది. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చెయ్యొచ్చు. జరిమానా 50,000 దాకా పెరిగింది. అదనపు గంటలకి కనీసం రెట్టింపు ఇవ్వాలి. ఇవన్నీ కాయితం మీదివే. ఎవరో ఒకరు వెళ్ళి అడిగితేనే కాయితం కదులుతుంది.

ఇంతా రాశాక మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పంక్తిలో అక్కయ్య అడగలేదు గానీ అడిగుంటే నాకు నోట మాట రాకపోయేది. "మరి మీ ఇంట్లో ఆ పిల్ల తల్లికి నువ్వెంత ఇస్తున్నావు?"

అర్జీ రాసిన రాత్రే ఆ లెక్క వేశాను. రోజుకి రెండు గంటలు, నెలకి 60 గంటలు, ఇచ్చేది 2,500. గంటకి 42 రూపాయలు కూడా లేదు. చీరల కొట్టుకి వర్తించిన లెక్కనే, అంటే నెలకు 26 రోజులు, రోజుకి ఎనిమిది గంటలకి సుమారు 12,000 అనుకుని, మా ఇంటికి వేసి చూశాను. గంటకి 58 దాకా వచ్చింది. అంటే నెలకు దాదాపు వెయ్యి రూపాయలు నేనూ ఎగ్గొడుతున్నాను. ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే చేర్చారని తెలిసి ఇంకా సిగ్గేసింది. అంతవరకూ మా అపార్ట్‌మెంటులో "రేటు" ఎంతో అంతే ఇచ్చాను. అందరం కలిసి ఆ రేటు కట్టేసుకున్నాం. నేనూ పాత చీరలు ఇచ్చాను, మిగిలిన కూర ఇచ్చాను, "మా ఇంటి మనిషే" అన్నాను.

జీతం పెంచడం సులువుగానే జరిగింది. వెనకటి బాకీ దగ్గరే మనసు మొరాయించింది. ముందు ఆరు నెలల తేడా లెక్కగట్టి ఇచ్చాను. ఇచ్చాక గుర్తొచ్చింది, నేను ఏ గడువుని తిట్టుకున్నానో ఆ గడువునే నాకు అనుకూలంగా వాడుకున్నానని. మా వారితో రెండు రోజులు వాదన. ఆమె మా ఇంట్లో చేరి అప్పటికి ఆరేళ్ళు. మా చేతనైనట్టు నెలకి వెయ్యి చొప్పున పాత బాకీ తీరుస్తున్నాం. ఇంకా తీరలేదు. ఆమె మొదట్లో "ఎందుకమ్మా ఇదంతా" అని వద్దంది. ఇప్పుడు ఒకటో తారీఖున "బాకీ వెయ్యి కూడా వెయ్యండమ్మా" అని గుర్తు చేస్తోంది. ఆ మాట నా చెవికి మొదటిసారి కొంచెం కటువుగా తగిలిందని కూడా ఒప్పుకుంటున్నాను. అక్కయ్యకి తగిలింది కూడా అదే. అడిగించుకోవడం మనకి అలవాటు లేదు.

అందుకని ఇది చదివే మీ అందరినీ ఒకటే అడుగుతున్నాను. మీ ఇంట్లో దుకాణమో, ఆస్పత్రో, టిఫిన్ సెంటరో, కర్రీ పాయింటో ఉంటే, ఈ రాత్రి అందరి జీతాలూ ఒక కాయితం మీద వేసుకుని, లేబర్ ఆఫీసు చెప్పిన అంకె పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఎవరో అర్జీ పెట్టేదాకా ఆగకండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి గంటకి ఎంత పడుతోందో భాగించి చూడండి. మీ పిల్లలే ఎక్కడైనా తక్కువకి చేస్తుంటే, జీతం పడిన మెసేజీలు చెరపొద్దని చెప్పండి.

అక్కయ్యా, నువ్వు చదువుతున్నావని నాకు తెలుసు. నీ మీద నాకు కోపం లేదు. వచ్చే నెల మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. పిలవడానికి నేనే వస్తాను. బట్టలు మీ కొట్లోనే తీసుకుంటాను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న పిల్లలకి ఎంత ఇస్తున్నారో మాత్రం అడుగుతాను. నా చేతిరాత ఇంకా గుండ్రంగానే ఉంది.